ఆడపిల్లకు పేరు పెట్టడం: సినగాగ్‌లోనా, ఇంట్లోనా?

యూదుల ఇంట్లో మగపిల్లాడు పుడితే చర్చే ఉండదు. ఎనిమిదో రోజు సున్తీ, దాని పేరు బ్రిత్ మిలా. మామూలు కాన్పు అయితే ఆ ఎనిమిదో రోజు షబ్బత్ (శనివారపు విశ్రాంతి దినం) అయినా, యోమ్ కిప్పూర్ (యూదుల పెద్ద ఉపవాస దినం) అయినా ఆపరు. బిడ్డకు కామెర్లు లాంటివి ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగుతారు. సున్తీ చేసే మోహెల్, బిడ్డను ఒళ్లో పెట్టుకునే సాందెక్, ఏలీయా ప్రవక్త కోసం వేసే కుర్చీ, అన్నీ ముందే ఖరారు. పేరు కూడా అప్పుడే ప్రకటిస్తారు.

ఆడపిల్లకు అలాంటి గడువేమీ లేదు. న్యూజెర్సీలో మా పక్కింటి వాళ్లు దీని మీదే పది రోజులు తర్జనభర్జన పడ్డారు. ఆయనది తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ కుటుంబం. ఆవిడ పుట్టింటి వాళ్లు మొరాకో సెఫార్డీలు, అంటే స్పెయిన్ మూలాలున్న యూదులు. తొలి కాన్పు, ఆడపిల్ల.

ఆయన వైపు వాళ్ల మాట: సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో పెట్టేద్దాం. సోమ, గురు, శనివారాల్లో పొద్దున అక్కడ తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చదువుతారు. తండ్రిని తోరా దగ్గరికి పిలుస్తారు, తల్లీబిడ్డల క్షేమం కోరుతూ చదివే ఆశీర్వచనంలోనే పేరు చెప్పేస్తారు. నిమిషాల్లో పని అయిపోతుంది, కాన్పయిన రెండు మూడు రోజులకే పాపకు పేరుంటుంది. టెన్షన్ లేదు, ఖర్చు లేదు. కానీ అంత తొందరగా పెడితే బాలింత ఇంట్లోనే ఉంటుంది, పాప ఉయ్యాల్లో ఉంటుంది. పాపే లేని బారసాల అన్నమాట! నాకది మింగుడుపడలేదు.

స్నేహితుల సలహా సింహత్ బాత్, అంటే 'కూతురు పుట్టిన సంబరం'. 1970లలో అమెరికాలో ఆడవాళ్లు గట్టిగా అడగడంతో ఇది బాగా వ్యాపించింది. కొడుక్కి అంత హడావుడి చేసి కూతురికి ఏమీ లేదేమిటన్నదే వాళ్ల ప్రశ్న. తల్లి కోలుకున్నాక ఇంట్లోనే, చుట్టాలందరి మధ్య చేసుకోవచ్చు. కొందరు పాప పాదాలు కడుగుతారు. ఎండవేళ వచ్చిన అతిథులకు అబ్రాహాము కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెప్పించాడు కదా, ఆ ఆనవాయితీ అన్నమాట. దీంతో చిక్కేమిటంటే, ఏం చదవాలో, ఎవరు చదవాలో అన్నీ మనమే కూర్చుకోవాలి. వారం వయసు బిడ్డను చంకనేసుకుని పన్నెండు పేజీల పుస్తకం ప్రింట్ చేయించడం ఎంత పనో ఆవిడను అడగండి.

మూడో దారి ఆవిడ తల్లి చెప్పింది: జెవెద్ హబాత్. సెఫార్డీలలో పాత ఆచారం ఇది. 'జెవెద్' అంటే కానుక. బైబిల్లోని ఆదికాండంలో ఆరో కొడుకు పుట్టినప్పుడు యాకోబు భార్య లేయా వాడిన మాట అది. ఆ మాటనే ఇక్కడ కూతురికి వాడటం నాకు భలే నచ్చింది. బైబిల్లోనే ఉన్న పరమగీతంలోంచి 'బండ సందుల్లో ఉన్న నా పావురమా, నీ ముఖం చూపించు, నీ స్వరం వినిపించు' అని చదివి పేరు పెడతారు. తొలిచూలు ఆడపిల్లయితే 'తల్లికి ఒక్కతే' అనే వచనం కూడా కలుపుతారు. ఇంట్లోనైనా సరే, సినగాగ్‌లోనైనా సరే. మంత్రం సిద్ధంగా ఉంది, తల్లీబిడ్డా ఎదురుగా ఉంటారు. పై రెండింటి లోపాలూ దీనికి లేవు కాబట్టి నా ఓటు దీనికే.

మన కొంకణ తీరపు బెనె ఇస్రాయేల్ యూదులైతే ఇలాంటి శుభకార్యాలకు మలీదా పెడతారు. అటుకులు, కొబ్బరి, పంచదార కలిపి, పళ్లతో పళ్లెం సర్ది ఏలీయాను తలుచుకుంటారు. ఆ సంగతి చెబితే పక్కింటావిడ అటుకులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది.

పేరు దగ్గర ఇంకో పేచీ. సెఫార్డీలు బతికున్న అమ్మమ్మ పేరు పెట్టడం గౌరవం అనుకుంటారు, అష్కెనాజీలు బతికున్నవాళ్ల పేరు పెట్టరు. చివరికి చనిపోయిన ముత్తవ్వ పేరు ఖాయం చేశారు.

వేడుక నాలుగో వారం ఆదివారం, వాళ్ల హాల్లోనే జరిగింది. పావురం వచనాలు అమ్మమ్మ చదివింది. పాదాలు కడగడం కూడా కలిపారు. గోరువెచ్చని నీళ్లు ఇత్తడి గిన్నెలో, తువ్వాలు నా చేతిలో. నీళ్లు తగలగానే పాప కాలు వెనక్కి లాక్కుని గుక్కపట్టింది. 'స్వరం వినిపించు' అన్నాం కదా, వినిపించింది అని తాత నవ్వాడు.