న్యూ ఎకోటా, ఛాటనూగా, చెరోకీ: మూడు రోజుల ట్రిప్పు, మా నాన్న లింక్ డాక్యుమెంట్ల గోల

జార్జియాలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఇల్లు కొని ఆరేళ్ళయింది. సానీ మౌంటెన్ మీద ఇండియన్ సీట్స్ అనే రాళ్ళ దాకా ఎన్నిసార్లు ఎక్కామో లెక్కలేదు, మా చిన్నోడు అవి మనకోసమే వేయించారనుకున్నాడు చాన్నాళ్ళు. ఆ ఇండియన్లు ఎవరో, ఇప్పుడు ఎటు పోయారో మేమెప్పుడూ పట్టించుకోలా. మొన్న అక్టోబర్లో నాన్న వచ్చారు. ఆయన నరసరావుపేటలో ముప్ఫై ఏడేళ్ళు డాక్యుమెంట్ రైటర్, రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఓ బల్ల, ఓ ఇనప పెట్టె, అంతే ఆయన ప్రపంచం. లింక్ డాక్యుమెంట్లంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు. నయాగరా అంటే "నీళ్ళేగా" అన్నారు. సరే అని దగ్గర్లోనే చెరోకీ వాళ్ళ చోట్లు చూద్దామని ప్లాన్ వేశాం, చెరోకీలంటే ఈ నేల మీద ముందు నుంచీ ఉన్న అమెరికా ఆదివాసీలు, ఇక్కడ ఇండియన్లనేది వాళ్ళనే, 1838లో మిలిటరీని పెట్టి వాళ్ళని ఓక్లహోమా వైపు తోలేసిన దారి ఇక్కడే మొదలవుతుంది. షార్లెట్ నుంచి మా బావమరిది కూడా వచ్చి కలిశాడు, వాడుంటే వాదనకి లోటుండదు.

మొదటి రోజు న్యూ ఎకోటా. ఐ-75 హైవే మీద కాల్హూన్ దగ్గర దిగాలి, మా ఇంటి నుంచి గంటంపావు. వెళ్ళేముందు వెబ్‌సైట్లో రోజులు చూసుకోండి, వారమంతా తెరిచి ఉండదు. టికెట్ పది డాలర్ల లోపే. నా ఓటు మొత్తం ట్రిప్పులో దీనికే. పెద్ద గడ్డి మైదానం, అక్కడక్కడా చెక్క ఇళ్ళు, చాలావరకు మళ్ళీ కట్టినవే, వూస్టర్ అనే మిషనరీ ఇల్లు మాత్రం అప్పటిదే. 1825 నుంచి ఇది చెరోకీ దేశానికి రాజధాని. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు, సుప్రీం కోర్టు ఉంది, 1828లో చెరోకీ ఫీనిక్స్ అని రెండు భాషల పేపర్ మొదలెట్టారు.

ప్రింటింగ్ షాపులో నాన్నని కదిలించడం మా వల్ల కాలేదు. సెక్వోయా అనే ఆయన, ఇంగ్లీష్ చదవడం రాని మనిషి, 1821 నాటికి వాళ్ళ భాషకి లిపి తయారు చేశాడు. ఇంగ్లీష్ డి లాగా కనపడేది "అ" అట, ఆర్ లాంటిది "ఎ" అట, డబ్ల్యూ లాంటిది "లా". ఒక్కో గుర్తుకి ఒక్కో అక్షరం పలుకుతుంది, మన గుణింతం లాగే అన్నమాట, కాకపోతే తలకట్టు, గుడి అని విడిగా ఉండవు, ప్రతి దానికీ కొత్త బొమ్మే. నాన్న గోడ మీద చార్టు చూసి వేలితో గాల్లో దిద్దుకుంటూ నిలబడ్డారు. ఇక్కడ జరిపిన తవ్వకాల్లో ఆ ప్రెస్సు సీసం అక్షరాలు మట్టిలోంచి బయటపడ్డాయి. ప్రెస్సునైతే 1835లో జార్జియా గార్డు వాళ్ళు ఎత్తుకుపోయారు.

అసలు కథ బౌడినాట్ ఇల్లుండే చోట. ఆయన ఆ ఫీనిక్స్ పేపర్ మొదటి ఎడిటర్. 1835 డిసెంబర్ 29న ఆయన ఇంట్లోనే ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మిసిసిపీకి తూర్పున ఉన్న భూమి మొత్తం 50 లక్షల డాలర్లకి. నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "సంతకం పెట్టింది ఎంతమంది?" ఇరవై మంది దాకా. "జనం ఎంత?" 16,000 పైనే. "వాళ్ళ పెద్ద పెట్టాడా?" పెట్టలేదు, చీఫ్ జాన్ రాస్ అయితే మాకిది ఒప్పుకోలు కాదని 15,000 పైగా పేర్లతో పిటిషన్ పంపాడు. "అయితే ఇది జీపీఏ లేకుండా, అంటే అమ్మే అధికారం ఎవరూ రాసివ్వకుండా అమ్మకం రా, చెల్లదు" అన్నారు, ఎండలో టోపీ తీసి విసురుకుంటూ. కానీ చెల్లింది. సెనేట్లో మూడింట రెండొంతులు కావాలి, ఒక్కటంటే ఒక్క ఓటు తగ్గినా పడిపోయేది, అలా పాసయింది.

బావమరిది అప్పుడు మొదలెట్టాడు. "మావయ్య గారూ, ప్రపంచంలో ఏ దేశం మాత్రం ఇలా పుట్టలేదు, రాజులందరూ చేసిందిదే, పైగా వీళ్ళు కొనుక్కున్నారు కూడా, 1803లో లూసియానా ఫ్రాన్స్ దగ్గర కోటిన్నర డాలర్లు పెట్టి కొనలా?" నాన్న నిదానంగా, "ఫ్రాన్స్ వాళ్ళకి ఎవరు రాసిచ్చారు బాబూ?" అన్నారు. కాల్హూన్ దాటేదాకా వ్యాన్లో సౌండ్ లేదు.

సరే, వాడి మాటలో కొంత ఉంది, నేను కాదనను. అందుకే తర్వాత చూసిన చీఫ్ వాన్ హౌస్, ఓ చెరోకీ పెద్ద ఇల్లు, ముఖ్యం. న్యూ ఎకోటా నుంచి అరగంట, 1804లో కట్టిన ఎర్ర ఇటుక మేడ, లోపల మెట్లు గాల్లో వేలాడుతున్నట్టుంటాయి. కానీ ఆ మేడని నడిపింది వంద మంది పైచిలుకు నల్ల బానిసలు. చెరోకీల్లో ధనవంతులు బానిసల్ని పెట్టుకున్నారు, వాళ్ళని దేవుళ్ళని చేసి చూపించక్కర్లేదు. గైడ్ ఈ సంగతి దాచకుండా చెప్పింది, మంచి టూర్. ఆ మేడ ఓనరుని కూడా 1835లో జార్జియా ఖాళీ చేయించింది, ఇల్లు నాదంటే నాదని ఇద్దరు తెల్లవాళ్ళు లోపలే కొట్టుకున్నారు.

రాత్రి టెన్నెసీలో ఛాటనూగా. డౌన్‌టౌన్లో హోటల్, పేరెందుకులే. బుకింగ్లో పార్కింగ్ మాటే లేదు, పొద్దున బిల్లులో చూస్తే విడిగా 32 డాలర్లు, అడిగితే "లాబీలో బోర్డుంది కదా" అని మొక్క వెనకాల ఉన్న బోర్డు చూపించాడు. నది వైపు రూము అని కట్టించుకుని పక్క బిల్డింగు ఏసీ యూనిట్లు చూపించారు. బయట ఊళ్ళో బుక్ చేసుకుని డ్రైవ్ చేసుకుని రావడం బెస్టు.

రాస్ ల్యాండింగ్ అక్వేరియం పక్కనే. ఇక్కణ్ణుంచే కొన్ని గుంపుల్ని పడవలెక్కించారు. ఇప్పుడు ద ప్యాసేజ్ అని మెట్ల మీదుగా నీళ్ళు నదిలోకి పారేలా కట్టారు, ఆ నీళ్ళు వాళ్ళ కన్నీళ్ళకి గుర్తట. మేం వెళ్ళేసరికి ఐదారుగురు పిల్లలు అందులో గంతులేస్తున్నారు, మావాడూ దూకాడు, ఆపాలా వద్దా అని నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకుని వదిలేశాం.

రెడ్ క్లే టెన్నెసీ స్టేట్ పార్కు, ఎంట్రీ ఫ్రీ, జనం లేరు. జార్జియా ప్రభుత్వం చెరోకీల సభల్ని నిషేధిస్తే సరిహద్దు దాటి 1832 నుంచి 1837 దాకా ఇక్కడ కూర్చున్నారు. బ్లూ హోల్ అనే ఊట నీలంగా, అడుగు దాకా కనపడుతుంది. పులిహోర ఇక్కడే తిన్నాం, బెంచీలు నీడలో ఉన్నాయి, బాత్రూంలు శుభ్రం.

తర్వాత కొండల్లో మూడు గంటల డ్రైవ్ చేసి నార్త్ కరోలినాలో చెరోకీ ఊరు. ఆకుల సీజను కాబట్టి రేట్లు మండిపోతున్నాయి, మాకు దొరికింది ఏటి ఒడ్డున పాత మోటెల్. కార్పెట్ పాతది, టీవీ పాతది, కానీ బాల్కనీలో కూర్చుంటే కింద నీళ్ళ చప్పుడు, నాన్న రాత్రి పదకొండు దాకా లోపలికి రాలేదు. వీధి పేర్ల బోర్డుల మీద సెక్వోయా అక్షరాలున్నాయి, ఆయన కూడబలుక్కుని ఒకటి చదివారు కూడా. మ్యూజియం ఆఫ్ ద చెరోకీ పీపుల్ కి రెండు గంటలైనా పెట్టుకోండి. ఈ తరలింపులో దాదాపు 4,000 మంది చనిపోయారన్నది మామూలుగా చెప్పే లెక్క. ఓకోనలుఫ్టీ విలేజ్ పిల్లలకి బాగుంది, టికెట్ కాస్త ఎక్కువే. బీన్ బ్రెడ్ తప్పకుండా తినండి, మొక్కజొన్న పిండిలో చిక్కుళ్ళు కలిపి ఆకులో చుట్టి ఉడికిస్తారు, అచ్చం పొట్టిక్కలే. కొన్నిచోట్ల పంది కొవ్వు పోస్తారు, వెజ్ వాళ్ళు ముందే అడగాలి. పక్కనే స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు, పావుగంట మించి కారు ఆపితే రోజుకి 5 డాలర్ల పార్కింగ్ ట్యాగ్ కొనాలి.

తిరుగు దారిలో బావమరిది ఫోన్లో చదివి వినిపించాడు. 1802లో జార్జియా, ఫెడరల్ గవర్నమెంట్ ఒక ఒప్పందం రాసుకున్నాయి, పడమట భూములు మాకిస్తే మీ రాష్ట్రంలో ఇండియన్ల హక్కు తీసేస్తామని. "వేరేవాడి పొలం మీద ఇద్దరు అగ్రిమెంటా?" అన్నారు నాన్న. 1832 మార్చిలో, ఇందాకటి మిషనరీ వూస్టర్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పిచ్చింది, అదే ఏడాది అక్టోబర్లో జార్జియా ఆ నేలని లాటరీ తీసి పంచింది. నాగరికత నేర్చుకోండి అంటే నేర్చుకున్నారు, చదవండి అంటే అక్షరాలే కొత్తగా కనిపెట్టుకున్నారు, కోర్టుకి పొమ్మంటే పోయి గెలిచారు కూడా. ఇంక వాళ్ళు చేయాల్సింది ఏం మిగిలిందో నాకు అర్థం కాలా. న్యాయమా అంటే కాదు, నాకిందులో రెండో మాట లేదు. చెరోకీల మీద పెట్టిన ఆ చట్టాల్ని జార్జియా రద్దు చేసింది 1962లో.

ఇంటికొచ్చాక లగేజీ దించకుండానే నాన్న మా ఇంటి క్లోజింగ్ ఫైలు, అంటే ఇల్లు కొన్నప్పటి కాయితాలు, అడిగారు. కళ్ళజోడు పెట్టుకుని డీడ్ లో హద్దుల పేరా దగ్గర ఆగారు. ల్యాండ్ లాట్ ఫలానా నంబర్, 2వ డిస్ట్రిక్ట్, 1వ సెక్షన్, ఫోర్సైత్ కౌంటీ. ఆ నంబరు ఏంటో నేను ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. 1832 లాటరీలో డ్రమ్ములోంచి తీసిన చీటీల నంబర్లు అవి, ఇక్కడ ఒక్కోటి 40 ఎకరాల గోల్డ్ లాట్, అంటే బంగారం ఉందనుకున్న నేల ముక్క.

"టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం నాన్నా, హక్కు మీద తగాదా వస్తే ఆ ఇన్సూరెన్స్ వాళ్ళు చూసుకుంటారు, భయమేం లేదు" అన్నాను.

"అది చీటీ తీసినవాడి దగ్గర్నించా, అంతకుముందు వాడి దగ్గర్నించా?" అని ఫైలు మూసి, లాట్ నంబరు ఒక కాయితమ్మీద రాసుకుని తన డైరీలో పెట్టుకున్నారు.