పెంకలు పగలగొట్టేది 'చీ' శక్తా, చేతి సాధనా, ఫిజిక్సా?

హన్మకొండలో స్కూల్ యానివర్సరీ అంటే కరాటే పిల్లల ఐటం ఉండాల్సిందే. ఒక్క దెబ్బకు పది పెంకలు పగిలితే 'చీ' అనే ప్రాణశక్తి మహిమ అంటారు కొందరు మాస్టర్లు, ఏళ్ళ సాధన అంటారు ఇంకొందరు, ఉత్త ఫిజిక్స్ అంటారు సైన్స్ సార్లు. మూడూ అన్ని ఫీట్లలో ఒకే పాళ్ళలో ఉండవు.

పెంకల దొంతరను దగ్గరికెళ్ళి చూడండి. ప్రతి రెండింటి మధ్య రెండు చివర్లా పెన్సిలంత మందం ముక్కలుంటాయి. అందువల్ల చెయ్యి ఒకసారికి ఒక్క పెంకనే విరుస్తుంది, విరిగిన ముక్కల బరువు కిందిదానికి సాయం చేస్తుంది. మధ్యలో పెట్టిన ఆ పెన్సిలంత ముక్కలు తీసేస్తే పదీ కలిసి ఎదురు నిలుస్తాయి. షాబాద్ బండకూ లెక్కలున్నాయి: మందం రెట్టింపైతే నాలుగింతల బలం కావాలి, కింద ఇటుకల మధ్య ఎడం రెట్టింపు చేస్తే సగం చాలు. చెక్కనైతే నార వెంబడే కొడతారు, అడ్డంగా ఎవరూ కొట్టరు. కరీంనగర్ గ్రానైట్ జోలికి ఏ మాస్టరూ పోడు!

అలాగని చెయ్యి చేసేది ఏమీ లేదనలేం. బ్లాక్ బెల్టుల చెయ్యి సెకనుకు 10 నుంచి 14 మీటర్ల వేగం అందుకుంటుందని కొలిచి చూశారు. బండ పగలకపోతే ఆ దెబ్బంతా చేతికే తిరిగొస్తుంది, చిటికెన వేలి కణుపు వెనక ఎముక విరగడం మామూలు. చాలాసార్లు పగలకపోవడానికి కారణం భయం: తాకబోయే ముందు చెయ్యి తనంతట తానే నెమ్మదిస్తుంది. అందుకే గురి బండ మీద కాదు, జానెడు కింద పెట్టమంటారు. ఊపిరి వదులుతూ అరిచి కొట్టమనేదీ ఆ జంకు పోవడానికే. 'చీ' పనికొచ్చేది ఇక్కడే, అదీ శక్తిగా కాదు, సూచనగా.

ఛాతీ మీద బండ పెట్టి సమ్మెటతో కొట్టే ఫీటులో మాత్రం సాధన వాటా చాలా తక్కువ. 3 కిలోల సమ్మెట 24 కిలోల బండను తాకితే దాని శక్తిలో తొమ్మిదో వంతే కదలికగా మిగులుతుంది, మిగతాది బండ పగలడానికి, వేడికి పోతుంది. అదే 3 కిలోల పలక అయితే సగం మిగిలి పక్కటెముకల మీద పడుతుంది. చూసేవాళ్ళకు బరువు బండే ప్రమాదంగా కనిపిస్తుంది, నిజానికి తేలికదే ప్రమాదం. మేకుల పాన్పూ ఇలాంటిదే: 60 కిలోల మనిషికి 600 మేకులు ఒకేలా ఆనితే ఒక్కోదానిపై 100 గ్రాములు. గుచ్చుకునేది పడుకునేటప్పుడు, లేచేటప్పుడు.

కొమురవెల్లి మల్లన్న అగ్నిగుండంలో, పీర్ల గుండంలో నడిచేవాళ్ళు చీ నేర్చుకున్నవాళ్ళు కాదు. బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, అడుగు అర సెకను కూడా ఆగదు. కాళ్ళు కాలేది నిలబడితేనో, వేళ్ళ సందున నిప్పు ఇరుక్కుంటేనో.

సాధన నిజంగా ఫలించేది ఎముక విషయంలో. పదేపదే మితంగా ఒత్తిడి పడితే ఎముక మందమవుతుంది. టెన్నిస్ ఆటగాళ్ళ ఆడే చేతి ఎముక రెండోదానికన్నా లావుగా ఉండేది అందుకే. కానీ ఒక విడత ఎముక కొత్తగా తయారవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, చర్మం కొన్ని వారాల్లోనే కాయలు కాస్తుంది. నొప్పి తగ్గింది కదా అని దెబ్బల జోరు పెంచేస్తారు, లోపల ఎముక ఇంకా సిద్ధమై ఉండదు, సన్నటి పగుళ్ళు వస్తాయి. అందుకే చేత్తో కొట్టే సాధనను పెసలు నింపిన సంచితో మొదలుపెట్టి, తర్వాత గులకరాళ్ళు, చివర్లో ఇనుప గుళ్ళు నింపిన సంచికి వెళ్తారు. మర్నాటికీ వాపు తగ్గకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆపేయాలి.

మరి ఏది మేలు? స్టేజీ మీది ఐటంకు అమరికే ముఖ్యం. మూడేళ్ళు నేర్చుకునేవాళ్ళకు సాధన. ఊపిరి అభ్యాసం రెండింటికీ తోడు, ఒంటరిగా అది ఒక్క పెంకనూ పగలగొట్టదు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి కాబట్టి వాళ్ళ చేతికి పలచటి చెక్క చాలు, బండ వద్దు.