పాత డీలక్స్ రివర్బ్‌కి జేజే 6వి6ఎస్ ట్యూబులు

1960ల నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్ గిటార్ ఆంప్లిఫయర్‌లో పవర్ ట్యూబులు (స్పీకర్‌ని నడిపే వాక్యూమ్ ట్యూబులు) మార్చాలంటే జేజే కంపెనీ 6వి6ఎస్ మ్యాచ్‌డ్ జత (ఒకేలా కరెంటు లాగే రెండు ట్యూబులు) నిశ్చింతగా కొనొచ్చు. ఈ ఆంప్‌లో ట్యూబు ప్లేట్ (లోపలి పాజిటివ్ ఎలక్ట్రోడ్) మీద వోల్టేజీ సుమారు 415 ఉంటుంది. నాసిరకం 6వి6లు దానికి ఎర్రబడి చచ్చిపోతాయి, ఇవి తట్టుకుంటాయి. మార్చాక బయాస్ (వాయించనప్పుడు ట్యూబు లాగే కరెంటు సెట్టింగు) సరిచూడాల్సిందే. 415 వోల్టుల దగ్గర ఒక్కో ట్యూబుకి 23 మిల్లీఆంపుల ప్లేట్ కరెంటు పెడితే సుమారు 9.5 వాట్లు, అంటే ఈ ట్యూబు తట్టుకునే 14 వాట్ల పరిమితిలో 70 శాతం లోపే. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు. దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూశాకే ఛాసీలో (ఆంప్ లోపలి లోహపు పెట్టెలో) చెయ్యి పెట్టండి. స్పీకర్ కలపకుండా అస్సలు వాయించొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. నాదం శుభ్రంగా, గట్టిగా ఉంటుంది. పాత ఆర్‌సీఏ కంపెనీ ట్యూబుల్లా తొందరగా గరుకెక్కదు (డిస్టార్ట్ అవదు). ఆ గరుకే కావాలనుకునేవాళ్లకు ఇవి నచ్చవు.