మేఫ్లవర్ ముత్తాత కోసం ప్లిమత్ దాకా

మా అల్లుడిది మసాచుసెట్స్. వాళ్ల మూలపురుషుడు జాన్ హౌలాండ్ అనీ, 1620లో ఇంగ్లండ్ నుంచి వలసవాళ్లని ప్లిమత్‌కి తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో ఒకడనీ ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. మా వియ్యపురాలికి ఆ మాట కాగితాల మీద తేలాలి. తద్దినంలో మూడు తరాల పేర్లకే తడుముకునే మనబోటివాళ్లకి ఇది భలే తమాషాగా అనిపించి మేమూ కారెక్కాం.

ఇలాంటి పని మీద వెళ్తే ముందు బోస్టన్‌లో ఆగండి. న్యూబరీ స్ట్రీట్‌లో 1845లో పెట్టిన వంశచరిత్ర సంఘం లైబ్రరీ ఉంది, సభ్యులు కాకపోయినా ఆ రోజుకి టికెట్ కొనుక్కుని కూర్చోవచ్చు. మేఫ్లవర్ వాళ్ల మొదటి ఐదు తరాలూ రుజువులతో సహా వెండిరంగు అట్టల పుస్తకాల్లో దొరుకుతాయి కాబట్టి అటు చివర తంటా లేదు, తెగేదల్లా మధ్యలోనే. మా వాళ్లకి 1800 తర్వాతి ఒకావిడ పుట్టింటి పేరు దగ్గర ఆగిపోయింది. అక్కడి లైబ్రేరియన్ ఓపిగ్గా విని, పెళ్లయిన కూతుళ్లని తండ్రులు వీలునామాల్లో అత్తింటి పేరుతో రాస్తారు, అవి వెతకండి అంది. ఆ ఒక్క సలహాకే టికెట్ డబ్బులు గిట్టాయి. అంతకుముందు ఒక ఆన్‌లైన్ సర్వీసు బోలెడంత తీసుకుని పంపిన చార్టులో తల్లి కంటే కూతురు పెద్దది!

ప్లిమత్ బోస్టన్‌కి 65 కిలోమీటర్లు. అందరూ ఎగబడే ప్లిమత్ రాక్ దగ్గర ఐదు నిమిషాలు చాలు, 1620 అని చెక్కిన రాయి, అంతే. మేఫ్లవర్ వాళ్లు ఒడ్డుకి దిగుతూ దాని మీదే కాలు పెట్టారన్న మాట మొదట వినిపించిందే 1741లో.

చూడాల్సింది హౌలాండ్ కొడుకు జాబెజ్ ఉన్న ఇల్లు, 1667 ప్రాంతంలో కట్టింది. చలికాలంలో మూసేస్తారు, చూసుకుని వెళ్లండి. హౌలాండ్ తుఫానులో ఓడ మీంచి సముద్రంలో పడి, వేలాడుతున్న తెరచాప తాడు దొరకబుచ్చుకుని బతికాడు. ఆ తాడు అందకపోతే ఆయన సంతతిలోని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టూ లేడు, ఇద్దరు బుష్‌లూ లేరు, మా అల్లుడి సంగతి ఇంకా తేలాలనుకోండి. ఊరి పాత శ్మశానం బరియల్ హిల్ మీద ఆయన పేరున్న రాయి తర్వాతి వారసులు నిలబెట్టింది. భార్య ఎలిజబెత్ టిల్లీ సమాధి రోడ్ ఐలండ్‌లో, ఈస్ట్ ప్రావిడెన్స్‌లో ఉంది. అమ్మానాన్నలిద్దరూ మొదటి చలికాలంలోనే పోతే మిగిలిన పిల్ల ఆవిడ, తర్వాత పదిమందిని కంది. నన్నడిగితే బరియల్ హిల్ రాయి మానేసి అటు వెళ్లడం మేలు.

ప్లిమత్ పెటక్సెట్ మ్యూజియానికి మాత్రం పూట కేటాయించండి. ఇంగ్లీషు పల్లెలో వేషాలేసుకున్నవాళ్లు 1627లో ఉన్నట్టే మాట్లాడతారు, పక్కనే వాంపనోగ్ తెగవాళ్ల చోట మూలవాసులు నటించకుండా ఇవాళ్టి మనుషులుగానే తమ సంగతులు చెబుతారు. నాకు రెండోదే నచ్చింది. కోల్స్ హిల్ మీద అప్పటి వాంపనోగ్ నాయకుడు మసాసోయిట్ విగ్రహం దగ్గర 1970 నుంచి మూలవాసులు థాంక్స్‌గివింగ్‌ని సంతాప దినంగా పాటిస్తున్నారు.

బస హార్బర్ దగ్గర ఒక పాతకాలపు ఇంట్లో. గది శుభ్రం, మెట్లు మరీ నిటారు, మోకాళ్ల నొప్పులవాళ్లకి వద్దు. శాకాహారులమని ముందే చెప్పినా పొద్దున్నే ప్లేట్లో బేకన్ పెట్టారు, తెచ్చుకున్న పులిహోరే దిక్కయింది. కారుంటే ఊరికి కాస్త ఎడంగా మోటెల్ తీసుకోవడం నయం.

వీలునామా కాపీకి దరఖాస్తు పెట్టి వచ్చాం. అది చేతికొచ్చేదాకా మేఫ్లవర్ వారసుల సంఘానికి రాయనని వియ్యపురాలు పట్టుబట్టి కూర్చున్నారు.