పిల్లల మెదడు గురించి నాలుగు ఆదివారాలు: అనంతపురంలో మేము వెళ్లిన తల్లిదండ్రుల తరగతులు

అనంతపురం కమలానగర్‌లోని ఒక మేడమీది హాలులో, ఆరేళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం వరుసగా నాలుగు ఆదివారాలు, ఉదయం పది గంటల నుండి పన్నెండున్నర దాకా జరిగిన తరగతులకు నేను, మా ఆయన కలిసి వెళ్లాము. జంటకు రుసుము 1,200 రూపాయలు. ఇరవై జంటల దాకా వచ్చారు. మా పాపకు నాలుగేళ్లు, ఎల్‌కేజీలో ఉంది. పెన్సిల్ సరిగా పట్టుకోవడం లేదని బడి నుండి రెండుసార్లు పిలుపు వచ్చింది. ఇంట్లో చూస్తే, సాయంత్రం ఫోను తీసుకున్నామంటే నేల మీద పడి పొర్లి ఏడుస్తుంది. ఈ రెండు దిగుళ్లే మమ్మల్ని అక్కడికి నడిపించాయి. నా లెక్కలో ఈ తరగతుల్లో మూడు వంతులు పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు విలువైనవి, మిగిలిన ఒక వంతు దండగ. రెండింటి గురించీ రాస్తున్నాను.

మొదటి మూడు వారాలు పాఠం చెప్పినవారు ఉద్యోగ విరమణ చేసిన ఒక పిల్లల డాక్టరమ్మ. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో సుమారు నాలుగో వంతు ఉంటుందని, ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపవుతుందని, ఐదేళ్లకు 90 శాతం దాకా పెరుగుతుందని, తొలి ఏళ్లలో సెకనుకు 10 లక్షలకు పైగా కొత్త నాడీ బంధాలు, అంటే మెదడు కణాలను ఒకదానితో ఒకటి కలిపే లంకెలు, ఏర్పడతాయని ఆమె చెప్పారు. అంకెలు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, అవి మనసుకెక్కింది ఆమె పూలు కట్టే దారపు ఉండను బయటికి తీసినప్పుడే. ఒక తండ్రిని బిడ్డగా మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్నవాళ్లలో ఆ బిడ్డతో మాట్లాడినవారికీ, నవ్వినవారికీ, పిలిస్తే పలికినవారికీ ప్రతిసారీ ఒక్కో పోగు అందించారు. అరగంటలో హాలంతా దారాల వల అయింది. అప్పుడు కత్తెర తీసి, ఒక్కసారి మాత్రమే వాడిన పోగులన్నింటినీ కత్తిరించేశారు. పదేపదే వాడినవి మాత్రం నాలుగైదు పేటలుగా పేరుకుని తాడులా నిలిచాయి. "చీనీ చెట్టుకు ఎండుపుల్లలు ఎందుకు కోస్తారో మీకు నేను చెప్పాల్నా?" అని ఆమె అడిగితే, నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉన్న ఇంట్లో పుట్టిపెరిగిన మా ఆయన ముందుకు వంగి వినడం మొదలుపెట్టారు. వాడని బంధాలను మెదడు తానే తీసివేస్తుందని, ఏవి మిగలాలన్నది చాలావరకు మన ఇంటి మాటలూ మన ఇంటి పనులూ నిర్ణయిస్తాయని అంతకుముందు నాకెవ్వరూ చెప్పలేదు. ఏడాది బిడ్డగా ఉన్నప్పుడు పాపకు అన్నం తినిపించడానికి నేను ప్రతిపూటా ఫోను ముందు పెట్టిన సంగతి గుర్తుకొచ్చి ఆ రోజు ఇంటికి చాలా బరువుగా వచ్చాను. రెండేళ్లలోపు బిడ్డకు తెర అసలే వద్దని, రెండు నుండి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది.

రెండో ఆదివారం నాకు అన్నింటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలూ పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ రావడానికి పదేళ్లు దాటుతుంది. అటువంటి చేతితో మూడేళ్ల బిడ్డ గీతల మధ్య అక్షరాలు దిద్దలేకపోతే అది సోమరితనమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. ముందు వేళ్లకు బలం రావాలి, కన్నూ చెయ్యీ కలిసి పనిచేయడం అలవాటు కావాలి. పిండి పిసకడం, పూలు గుచ్చడం, చెనక్కాయలు ఒలవడం వంటి పనులు పిల్లలకు ఇవ్వమన్నారు. మర్నాడు తెల్లవారి మా అత్త వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాక, పాపను పక్కన కూర్చోబెట్టుకుని ముగ్గుపిండి పట్టుకోవడం చూపించింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి చిటికెడు పిండి తీసి సన్నగా వదలాలి. మొదటి రోజు పిండంతా ఒకచోటే కుప్ప పడింది. పది రోజులకు వంకరగానైనా నాలుగు చుక్కలు కలిపింది. ఆ మూడువేళ్ల పట్టే పెన్సిల్ పట్టు అని గమనించినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. రెండు నెలల తర్వాత ఇప్పుడు బడిలో పెన్సిల్ గురించి ఎవ్వరూ మాట్లాడడం లేదు.

దాగుడుమూతల గురించి ఆమె చెప్పిన మాట కూడా ఇక్కడే రాయాలి. కళ్లు మూసుకుని పది దాకా లెక్కపెట్టాలి, మధ్యలో తెరిచి చూడాలనిపించినా ఆపుకోవాలి, ఎవరెవరు దొరికారో గుర్తుంచుకోవాలి. తనను తాను నిలువరించుకోవడానికీ, సంగతులను కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడానికీ ఇంతకంటే మంచి సాధన కొనుక్కుంటే దొరకదన్నారు.

మూడో వారం కోపతాపాల గురించి. ఆలోచించి అడుగు వేయించే మెదడు ముందుభాగం ఇరవై ఐదేళ్ల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. భయాన్నీ కోపాన్నీ రగిలించే అమిగ్డలా అన్న భాగం మాత్రం పుట్టినప్పటి నుండే పని చేస్తుంది. అందుకే పొర్లి ఏడుస్తున్న బిడ్డకు ఆ నిమిషంలో నీతులు చెప్పినా, గట్టిగా అరిచినా చెవికెక్కదు. ముందు మనం నెమ్మదించాలి, పక్కన కూర్చోవాలి, 'ఫోను తీసుకున్నానని నీకు కోపం వచ్చింది' అని ఆ కోపానికి పేరు పెట్టాలి, మాటలు తర్వాత. అంతకుముందు నేను ఒక దెబ్బ వేసేదాన్ని. ఆ మాట రాయడానికి బాధగా ఉన్నా రాస్తున్నాను. మొదటి వారం ఈ పద్ధతి ఏమీ పనిచేసినట్టు అనిపించలేదు, ఏడుపు అరగంట సాగింది. మూడో వారానికి పది నిమిషాలకు తగ్గింది. ఒక సాయంత్రం తనే బుగ్గలు పూరించి, "అమ్మా, కోపం వచ్చింది, ఊదుతాండా" అంది. నిద్ర వేళ మార్చడం కూడా ఇందుకు సాయపడి ఉంటుంది. 3, 4 ఏళ్ల పిల్లలకు రోజు మొత్తంలో 10 నుండి 13 గంటల నిద్ర కావాలని, పగలు నేర్చిన సంగతులు నిద్రలోనే కుదురుకుంటాయని విన్న తర్వాత, మా ఇంట్లో రాత్రి పదకొండు దాకా మోగే టీవీని తొమ్మిదికే ఆపుతున్నాము.

ఆహారం గురించి చెప్పింది తక్కువే అయినా పనికొచ్చే మాట ఒకటుంది. మెదడు ఎదుగుదలకు ఇనుము అవసరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుండి ఐదేళ్ల మధ్య పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మనవైపు పిల్లలకు సాయంత్రం బిస్కెట్టుతో టీ ఇవ్వడం మామూలే, కానీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టకుండా టీ అడ్డుకుంటుంది. పుల్లటి పండ్లలోని సి విటమిన్ పట్టేలా చేస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు టీ మాని, ఆకుకూర పప్పుతో సంగటి తిన్న తర్వాత చీనీ తొనలు ఇస్తున్నాము.

ఇక నాలుగో ఆదివారం. ఆ రోజు డాక్టరమ్మ రాలేదు. నిర్వాహకులే గంటసేపు కుడి మెదడు, ఎడమ మెదడు అని చెప్పి, కుడి మెదడును మేల్కొలిపే కార్డుల పెట్టె అంటూ 4,500 రూపాయలకు అమ్మకానికి పెట్టారు. మెదడు రెండు సగాలూ దాదాపు ప్రతి పనిలోనూ కలిసే పాల్గొంటాయి. ఒక పక్కను విడిగా మేల్కొలపడమన్నది శాస్త్రం ఒప్పుకునే మాట కాదు. మూడు వారాలు ఇంటి మాట, ఇంటి ఆట చాలునని నేర్పిన చోటనే పెట్టెను అంటగట్టడం నన్ను చాలా నొప్పించింది. నెల జీతం మీద బతికే రెండు జంటలు వాయిదాల్లో కొనడం చూసి ఇంకా బాధపడ్డాను. పంచిన కాగితాలు ఇంగ్లీషులో ఉండడం మరో లోపం. వచ్చినవారిలో సగం మందికి అవి ఇంట్లో చదివి చెప్పుకునే వీలు లేదు.

వీటన్నింటికన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. రెండున్నరేళ్ల కొడుకు రెండు మాటలు కలిపి పలకడం లేదని ఒక తల్లి లేచి అడిగితే, నిర్వాహకులు సమయం లేదని దాటవేశారు. మూడో వారం అయిపోయాక మెట్ల మీద డాక్టరమ్మే ఆమెను ఆపి, ముందు వినికిడి పరీక్ష చేయించమని, ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలను చూడడానికి ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో కేంద్రాలు ఉంటాయని, అక్కడ ఖర్చు లేదని చెప్పారు. ఆ సంగతి అందరికీ వినిపించేలా మొదటి రోజే చెప్పవలసింది.

మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలున్నవారు మొదటి మూడు వారాలకు తప్పకుండా వెళ్లమంటాను. నాలుగో వారం పాఠం ఎవరు చెబుతారో ముందుగా అడిగి, డాక్టరమ్మ రాకపోతే మానుకోండి. తెలుగు కాగితాల కోసం నేను నిర్వాహకులకు రాసి ఇచ్చాను, వచ్చే జట్టుకు ఇస్తామన్నారు. అవ్వతాతలను కూడా రానివ్వమని అడిగాను. పగలంతా పాప ఉండేది మా అత్త దగ్గరే. ముగ్గు సంగతి విన్నప్పటి నుండి, ఈసారి నన్నూ పిలుచుకుపో అని ఆమె రోజూ అడుగుతోంది.