అన్నదానమా, చెరువు పూడికతీతా: కరువు సీమలో ఏది మేలు?

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో జాతర జరిగినా, పెద్దల తిథి వచ్చినా, పంట చేతికందినా దాతకు మొదట తోచేది అన్నదానమే. ఆకలి వాయిదా వేయడానికి వీలులేనిది. విస్తరి ముందు కూర్చున్న మనిషి ఇక చాలని చెయ్యి అడ్డం పెట్టినప్పుడు కలిగే తృప్తి మరే దానంలోనూ అంత వెంటనే దొరకదు. 1866 నాటి కరువులో వేలమంది కడుపు నింపిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు జానపదుల పాటల్లో నేటికీ నిలిచి ఉంది. ఆ గడ్డుకాలంలో ఆయన చేసినదే సరైన దానం.

కరువు లేని ఏట మాత్రం నేను చెరువు వైపే మొగ్గుతాను. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించాడు. దాని గురించి చెప్పే 1369 నాటి శాసనం తటాకాన్ని సప్తసంతానాల్లో, అంటే మనిషి పోయాక కూడా అతని పేరు నిలిపే ఏడింటిలో, ఒకటిగా కీర్తిస్తూ, అన్నం పుట్టేది నీటి వల్లనే అంటుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశారని లెక్క చెప్పడమే కాక, కట్టలో నీరు ఊరడం, చౌడు నేల వంటి దోషాలను కూడా ఏకరువు పెడుతుంది. పుణ్యం కోరి చేసే పనిలోనూ ఇంత జాగ్రత్త చూపిన ఆ కాలపు వారిని చూస్తే నాకు ఎనలేని గౌరవం కలుగుతుంది.

నేటి దాతకు కొత్త చెరువు అక్కరలేదు, ఉన్నదాన్ని బాగుచేయిస్తే చాలు. వేసవిలో పూడిక తీయిస్తే, ఆ నల్లని ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో తోలుకొని వేరుశనగ చేలలో వెదజల్లుకుంటారు. ఆ మట్టి ఎర్రనేలలో పదును నిలుపుతుంది. కంప చెట్లు కొట్టించి, చెరువుకు నీరు తెచ్చే వంకకు అడ్డుపడినవి తొలగించి, తూము సరిచేయిస్తే వానకు నీరు నిలుస్తుంది, చుట్టుపక్కల బోర్లకు ఊట అందుతుంది, గొర్రెల మందలకు తాగునీరు దొరుకుతుంది. అన్నదానం ఫలం ఆ పూటకే చెల్లుతుంది. చెరువు ఫలం దాత ఎన్నడూ చూడని వారికి సైతం అందుతుంది, కానీ దాని పేరిట ఎవరూ ఆయనను తలచుకోకపోవచ్చు. అందుకే ఈ దానానికి ముందుకు వచ్చేవారు తక్కువ.

పైనుంచి నీరు వచ్చే దారే మూసుకుపోయిన చెరువులో పూడిక ఎంత తీసినా ప్రయోజనం లేదు. అలాంటి ఊళ్లో ఒంటరి ముసలివారికి రోజూ ఒక పూట భోజనం ఏర్పాటు చేయడమే మేలు. మిగిలిన ఊళ్లలో జాతర చందాలో కొంత భాగాన్ని ముందుగానే చెరువు కోసం పక్కన పెట్టి, నీటిపారుదల శాఖ అనుమతి తీసుకొని, తొలకరికి ముందే పని ముగించాలి.