జాగ్రత్త: మిక్సర్ మీద 12 ఛానెల్స్, కంప్యూటర్‌లోకి వచ్చేవి రెండే

ఇంట్లో మల్టీట్రాక్ రికార్డింగ్ (ప్రతి మైకూ విడి ట్రాకులో పడే రికార్డింగ్) కోసం ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) గానీ యూఎస్‌బీ మిక్సర్ గానీ చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. "12 ఛానెల్స్, యూఎస్‌బీ మల్టీట్రాక్ రికార్డింగ్, 99 డీఎస్పీ ఎఫెక్ట్స్, బ్లూటూత్, 48 వోల్ట్స్" అని అన్నీ ఒకే లైన్లో గుచ్చి, పేరున్న ఎనిమిది మైకుల ఇంటర్‌ఫేస్ ధరలో సగానికి కూడా తక్కువకి అమ్మే మిక్సర్లు చూస్తున్నవాళ్లు మరీ ముఖ్యంగా.

మాది చిన్న భజన బృందం. తబలాకి కుడి ఎడమలకు చెరొక మైకు, డోలక్‌కి ఒకటి, హార్మోనియానికి ఒకటి, తాళాలకి ఒకటి, ముందు పాడేవారికి ఒకటి, వెనక అందుకునేవాళ్లకి రెండు. మొత్తం ఎనిమిది. అందరూ కలిసి ఒకేసారి పాడాలి, కానీ ఎవరి శబ్దం వాళ్ల ట్రాకులో విడిగా పడాలి. ఒక్కొక్కరినీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విడివిడిగా పాడమంటే ట్రాకులు శుభ్రంగా వస్తాయి గానీ భజనకి ఉండే ఆ ఊపు రాదు. తాళాల మోత ఎక్కువైతే తర్వాత తగ్గించుకోవాలన్నా, కోరస్‌లో శ్రుతి తప్పిన గొంతును కాస్త వెనక్కి నెట్టాలన్నా ట్రాకులు విడిగా ఉండాల్సిందే.

ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పైన చెప్పినలాంటి మిక్సర్ కనిపించింది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. కంప్లైంట్ నడుస్తోంది, పైగా అదే పెట్టె నాలుగైదు పేర్లతో తిరుగుతోంది. ఒక పేరు చెప్తే మిగతావి మంచివేమో అనుకుంటారు. కొనేముందు చాట్‌లో సూటిగానే అడిగాను: "అండీ, ఎనిమిది మైకులు పెడితే లాప్‌టాప్‌లో ఎనిమిది ట్రాకులు వేరువేరుగా వస్తాయా?" జవాబు: "వస్తాయి సార్, మల్టీట్రాక్ అనే కదా రాశాం." ఆ స్క్రీన్‌షాట్ ఉండబట్టే ఇప్పుడు వాళ్లతో గట్టిగా మాట్లాడగలుగుతున్నాను.

మిక్సర్ వచ్చాక లాప్‌టాప్‌కి తగిలించి రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ల లిస్టు తెరిస్తే కనిపించినవి రెండే రెండు. ఏ మైకులో మాట్లాడినా ఆ రెంటిలోనే పడుతోంది. అంటే 12 ఛానెల్స్ శబ్దమూ మిక్సర్ లోపలే కలిసిపోయి, స్టీరియోగా మారి, అప్పుడు యూఎస్‌బీలోకి వెళ్తోంది. పులుసులో వేసిన ఉప్పును ఇక ఎవరు విడదీస్తారు?

ఫోన్ చేస్తే మొదట "డ్రైవర్ వేసుకోండి సార్, వస్తాయి" అన్నారు. పంపిన లింకు చూస్తే ఏసియో ఫర్ ఆల్. అది ఎవరైనా ఉచితంగా దించుకునే సాఫ్ట్‌వేర్. విండోస్‌కి ఉన్న మామూలు ఆడియో డ్రైవర్‌నే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు వాడే ఏసియో అనే డ్రైవర్ పద్ధతిలో చూపిస్తుంది, లేటెన్సీ (శబ్దం ఆలస్యంగా వినిపించడం) తగ్గించుకోవడానికి పనికొస్తుంది. అంతేగానీ పెట్టెలో లేని ఛానెల్స్‌ని పుట్టించదు. మీకు కూడా ఎవరైనా "మా సొంత డ్రైవర్" అని ఇదే పంపితే, ఆ కంపెనీ డ్రైవర్ రాయనే లేదని అర్థం.

తర్వాతి జవాబు ఇంకా బాగుంది: "యూఎస్‌బీలో అంతకంటే పట్టదు సార్." లెక్క వేసి చూడండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల నమూనాలు, ఒక్కొక్కటీ 24 బిట్లు) దగ్గర ఒక ఛానెల్‌కి సెకనుకి 11.52 లక్షల బిట్లు. ఎనిమిది ఛానెల్స్‌కి కలిపి 9.2 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 సామర్థ్యం 480 మెగాబిట్లు. పట్టకపోవడం అన్న మాటే లేదు. అసలు కారణం ఖర్చు. ప్రతి మైకు శబ్దాన్నీ విడిగా డిజిటల్‌గా మార్చాలంటే అన్ని కన్వర్టర్లు కావాలి, వాటికి తగ్గ యూఎస్‌బీ చిప్ కావాలి, డ్రైవర్ రాయాలి. రెండు ఛానెల్స్‌కి సరిపడే చిప్ చాలా చవక. ఫేడర్లు 12 పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు.

స్టీరియో యూఎస్‌బీ ఉన్న మిక్సర్లన్నీ మోసమని నేననడం లేదు. యమహా ఎంజీ10ఎక్స్‌యూ కూడా యూఎస్‌బీలో 2 ఇన్, 2 ఔట్ మాత్రమే ఇస్తుంది, స్పెసిఫికేషన్స్‌లో ఆ మాట తిన్నగా రాస్తుంది. లైవ్ స్ట్రీమింగ్‌కి, గుడిలో కార్యక్రమానికి అది చక్కగా సరిపోతుంది. దాన్నే మల్టీట్రాక్ అని అమ్మితేనే తంటా.

పేరున్న కంపెనీల ఇంటర్‌ఫేసుల్లోనూ అంకెలు చూసి తొందరపడకండి. వాళ్లు అబద్ధం చెప్పరు, కానీ ఆ అంకె మైకుల లెక్క కాదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ మూడో తరం తీసుకోండి. 8ఐ6 అంటే ఎనిమిది మైకులు అనిపిస్తుంది. అందులో మైక్ ప్రీఆంప్స్ (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే భాగాలు) రెండే. మరో నాలుగు లైన్ ఇన్‌పుట్లు (కీబోర్డులాంటి వాటికి, మైకుకి కాదు), రెండు ఎస్పీడిఫ్ డిజిటల్ ఇన్‌పుట్లు. 18ఐ8లో మైక్ ప్రీఆంప్స్ నాలుగు. ఎనిమిది కావాలంటే 18ఐ20 దాకా వెళ్లాలి. ఆ 18లో మరో ఎనిమిది ఏడాట్ అనే ఆప్టికల్ ఇన్‌పుట్ లెక్క. అవి వాడాలంటే విడిగా ఇంకో ఎనిమిది ప్రీఆంప్స్ ఉన్న పెట్టె కొనాలి. అది కూడా 48 కిలోహెర్ట్జ్ వరకే ఎనిమిది, 96కి వెళ్తే నాలుగే. మా అవసరానికి సరిపోయేవి బెరింజర్ యూఎమ్‌సీ1820, టాస్కామ్ యూఎస్-16x08 లాంటివని తర్వాత తేలింది. రెంటిలోనూ మైక్ ప్రీఆంప్స్ ఎనిమిది, ప్రతిదీ కంప్యూటర్‌లోకి విడి ట్రాకుగా వెళ్తుంది.

అమ్మకందారు మూడో సలహా కూడా ఇచ్చాడు: "ఇంకొకటి తీసుకోండి, రెండూ తగిలిస్తే నాలుగు వస్తాయి." చవక ఇంటర్‌ఫేసులు రెండు కొని కలుపుదామని ఆలోచించేవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి ఇది చెప్పాలి. విండోస్‌లో ఏసియో వాడే సాఫ్ట్‌వేర్ మామూలుగా ఒక సమయంలో ఒక డ్రైవర్‌నే తీసుకుంటుంది. మ్యాక్‌లో అగ్రిగేట్ డివైస్ అనే సదుపాయం ఉంది, రెంటినీ ఒకటిగా చూపిస్తుంది. కానీ ప్రతి పెట్టెలో నమూనాలు తీసే వేగాన్ని నడిపే క్లాక్ వేరు. రెండు క్లాకుల మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. అప్పటికి తబలా దెబ్బ ఒకటి, దాని నీడ మరొకటి వినిపిస్తాయి. మ్యాక్‌లో ఈ తేడాని సరిదిద్దే డ్రిఫ్ట్ కరెక్షన్ పెట్టుకోవచ్చు, లేదా రెండు పెట్టెలకీ డిజిటల్ క్లాక్ కనెక్షన్ ఉంటే ఒకదాన్ని రెండోదానికి కట్టేయొచ్చు. నేను కొన్నలాంటి పెట్టెల్లో ఆ కనెక్షనే ఉండదు.

ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ ద్వారానే మైకుకి అందే కరెంటు) గురించి రెండు ముక్కలు. కండెన్సర్ మైకులకి 48 వోల్ట్స్ కావాలి, ప్రమాణం ప్రకారం 44 నుంచి 52 మధ్య ఉండాలి. మైకు తీసేసి, స్విచ్ వేసి, మైకు తగిలించే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లో ఒకటో పిన్‌కీ రెండో పిన్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే తెలిసిపోతుంది. మా పెట్టెలో 30 దాటలేదు. తక్కువ వోల్టేజీలో కూడా శబ్దం ఇచ్చే మైకులున్నాయి గానీ చాలావాటిలో గట్టిగా కొట్టిన డోలక్‌కి శబ్దం పగులుతుంది. ఇంకోటి, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. ఎనిమిది ప్రీఆంప్స్, ఎనిమిది కండెన్సర్ మైకులు అడాప్టర్ లేకుండా ఆ పోర్టు మీదే నడుస్తాయని ఎవరైనా చెప్తే అనుమానించండి.

ఇక రిటర్న్. "సీల్ తీశారు కాబట్టి తీసుకోం" అన్నారు. సీల్ తీయకుండా లోపల ఎన్ని ఛానెల్స్ ఉన్నాయో తెలుసుకునే విద్య నాకు రాదు. కాస్త గట్టిగా అడిగితే "ముప్పై శాతం కోసుకుని ఇస్తాం" అన్నారు. ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి: వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు ఇవ్వననడానికీ అమ్మకందారుకి వీల్లేదు. ఆ మాట మెయిల్‌లో రాసి, ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్, రీపర్‌లో రెండే ఇన్‌పుట్లు కనిపిస్తున్న వీడియో జత చేసి పంపాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు ఇచ్చాను. అప్పటిదాకా ఫోన్ ఎత్తనివాళ్లు ఆ తర్వాత వాళ్లే చేశారు. ఇప్పుడు ముప్పై శాతం మాట పోయింది, కొరియర్ ఖర్చు ఎవరిదన్న దగ్గర ఆగింది. అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫిర్యాదు ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు.

మీరు ఏది కొంటున్నా సరే, "ఎన్ని ఛానెల్స్" అని అడగకండి, దానికి అందరూ పెద్ద అంకే చెప్తారు. "యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌లోకి ఒకేసారి ఎన్ని ఇన్‌పుట్లు విడిగా వెళ్తాయి, వాటిలో మైక్ ప్రీఆంప్స్ ఎన్ని" అని అడిగి, జవాబు చాట్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. తయారీ కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ దించుకుని స్పెసిఫికేషన్స్ పేజీలో యూఎస్‌బీ లైన్ చూడండి. అక్కడ 2 ఇన్, 2 ఔట్ అని ఉంటే అమ్మేవాడు ఎంత ఒట్టేసినా నమ్మొద్దు. కంపెనీకి సైటూ మాన్యువలూ ఏదీ లేకపోతే అక్కడితో వదిలేయండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. రిటర్న్ గడువు దాటకముందే ఎనిమిది ట్రాకులూ రికార్డింగ్‌కి పెట్టి, ఒక్కొక్క మైకులో దాని నంబర్ పలకండి. ప్రతి ట్రాకులోనూ దాని నంబరే పెద్దగా వినబడాలి. ఎనిమిది అంకెలూ ఒకే ట్రాకులో సమానంగా వినబడ్డాయంటే మీక్కూడా మా పెట్టే వచ్చిందన్నమాట.

ఆ ప్రకటన ఈరోజు చూశాను, ఇంకా అలాగే ఉంది. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు: ఫొటోలో రంగురంగుల ఫేడర్లు, పక్కన లాప్‌టాప్ స్క్రీన్ మీద ఎనిమిది ట్రాకులు నడుస్తున్నట్టు అతికించిన బొమ్మ, వెనక వైపు ఫొటో మాత్రం ఉండదు. వెనక వైపు చూపిస్తే ఉన్న ఒక్క యూఎస్‌బీ సాకెట్ పక్కన "స్టీరియో" అన్న మాట కనబడిపోతుంది.